స్ఫటిక రహస్యాన్వేషి – క్లింటన్ డేవిసన్

పాఠ్యభాగ పరిచయం

ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉందని ప్రయోగపూర్వకంగా నిరూపించిన అమెరికా భౌతిక శాస్త్రవేత్త క్లింటన్ జోసెఫ్ డేవిసన్ జీవితం ఈ పాఠ్యాంశం. ఆశించిన ఫలితం రానప్పుడు దానిని కప్పిపుచ్చక, వచ్చినదానిని వచ్చినట్లే నమోదు చేసిన ఆయన సత్యనిష్ఠ స్ఫటిక విజ్ఞానంలో ఒక కొత్త శాఖకు ఎలా బీజమైందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఉప్పు రవ్వలోను, పటికబెల్లం పలుకులోను, రాగి, ఇనుము వంటి లోహాలలోను పరమాణువులు చెదురుమదురుగా ఉండవు. మగ్గం మీది పడుగుపేకల వలె అవి ఒక క్రమంలో వరుసలు తీరి ఉంటాయి. ఈ క్రమబద్ధమైన అమరికనే స్ఫటిక నిర్మాణం అంటారు. లోహం గట్టిదనానికైనా, ఔషధం గుణానికైనా మూలకారణం ఆ అమరికలోనే దాగి ఉంటుంది. 1912లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ లవే సూచన మేరకు ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు ఒక స్ఫటికం గుండా ఎక్స్ కిరణాలను పంపి, అవతల ఉంచిన ఫోటో ఫలకం మీద చుక్కల వరుసలను చూశారు. ఆ చుక్కలను బట్టి పరమాణువుల స్థానాలను లెక్కకట్టే మార్గాన్ని ఇంగ్లండుకు చెందిన బ్రాగ్ తండ్రీకొడుకులు చూపారు. ఆ తరువాత పదిహేనేళ్లకు, ఎక్స్ కిరణాల వలె ఎలక్ట్రాన్లు కూడా స్ఫటిక రహస్యాన్ని వెల్లడించగలవని లోకానికి చాటినవాడు డేవిసన్. విశేషమేమంటే, ఆయన బయలుదేరినది ఆ అన్వేషణకు కాదు.

డేవిసన్ 1881 అక్టోబర్ 22న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ ఇళ్లకు రంగులు వేసి, గోడలకు అలంకార కాగితాలు అంటించే వృత్తిలో జీవించినవాడు. తల్లి మేరీ కాల్వర్ట్ బడిపంతులమ్మ. కలిమి లేకపోయినా ఆ ఇంట చదువు పట్ల గౌరవానికి లోటు లేదు. డేవిసన్ ఇరవయ్యవ ఏట ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసి, గణిత భౌతిక శాస్త్రాలలో చూపిన ప్రతిభ వలన ఉపకార వేతనం పొంది 1902లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఆయనకు రాబర్ట్ మిల్లికన్ గురువుగా లభించాడు. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచి అనంతర కాలంలో విఖ్యాతుడైన మిల్లికన్ ఇతడే.

అయితే ఏడాది తిరగకుండానే ధనాభావం అడ్డుపడింది. డేవిసన్ చదువు ఆపి సొంత ఊరికి మరలి, ఒక టెలిఫోన్ కంపెనీలో పనికి కుదిరాడు. శిష్యుని ప్రతిభను మరువని మిల్లికన్ 1904లో ఆయనను పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో సహాయకునిగా, 1905లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బోధకునిగా నియమింపజేశాడు. డేవిసన్ ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెబుతూ, వేసవి సెలవులలో షికాగో వెళ్లి పాఠాలు వింటూ 1908లో పట్టభద్రుడయ్యాడు. ఇతరులు మూడు నాలుగేళ్లలో ముగించే చదువుకు ఆయనకు ఆరేళ్లు పట్టింది. ఆలస్యం ఆయనను నిరుత్సాహపరచలేదు. తొందరపడని స్వభావం ఆయనకు అలవడినది ఆ రోజులలోనే కావచ్చు.

ప్రిన్స్‌టన్‌లో ఓవెన్ రిచర్డ్‌సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త వేడెక్కిన లోహాల నుంచి ఎలక్ట్రాన్లు వెలువడే తీరును పరిశీలిస్తుండేవాడు. డేవిసన్ ఆయన వద్ద పరిశోధన చేసి 1911లో డాక్టరేటు పొందాడు. అదే ఏడాది ఆగస్టులో రిచర్డ్‌సన్ సోదరి షార్లట్‌ను వివాహమాడాడు. ఆ విధంగా గురువే బావమరిది అయ్యాడు. ఆ దంపతులకు ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె కలిగారు. వివాహానంతరం ఆరేళ్లపాటు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలో డేవిసన్ బోధకునిగా పనిచేశాడు. బోధనభారం అధికం కావడంతో పరిశోధనకు తీరిక చిక్కేది కాదు.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించింది. డేవిసన్ సైన్యంలో చేరబోయాడు గాని, బక్కపలచని దేహం, అంతంతమాత్రపు ఆరోగ్యం కారణంగా ఆయనను తీసుకోలేదు. దేశానికి మరొక విధంగా సేవ చేయదలచి న్యూయార్క్ నగరంలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరింగ్ విభాగంలో చేరాడు. 1925లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలగా రూపొందినది ఆ విభాగమే. యుద్ధం ముగిశాక కళాశాల పదవి ఆహ్వానించినా ఆయన వెళ్లలేదు. పాఠాల ఒత్తిడి లేకుండా పూర్తికాలం పరిశోధన చేసుకొనే అవకాశం ఆయనను అక్కడే నిలిపింది.

ఆ రోజులలో దూరప్రాంతాలకు టెలిఫోన్ మాటలను చేరవేయడానికి శూన్యనాళికలు అత్యవసరం. వాటిపై హక్కుల విషయమై రెండు పెద్ద కంపెనీల మధ్య వ్యాజ్యం నడుస్తున్నది. వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడడానికి నాళికలో మిగిలి ఉన్న వాయుకణాల తాకిడి కారణమా, కాదా అన్న సందేహం ఆ వ్యాజ్యంతో ముడిపడి ఉండేది. దానిని తేల్చే పని డేవిసన్‌కు అప్పగించారు. ఈ క్రమంలో నాళికలోని లోహపు పలకల మీద ఎలక్ట్రాన్లను ప్రసరింపజేసి చూడగా ఒక వింత కనిపించింది. లోహాన్ని తాకిన ఎలక్ట్రాన్లలో నూటికి ఒకటి చొప్పున, ఏమాత్రం శక్తి కోల్పోకుండా, గోడకు కొట్టిన బంతి వలె వెనుకకు మరలుతున్నాయి. నూటికి ఒకటే కదా అని వదలివేస్తే అడిగేవారు లేరు. కంపెనీకి దానివలన లాభమూ లేదు. డేవిసన్ మాత్రం వదలలేదు. రూథర్‌ఫర్డ్ ఆల్ఫా కణాలతో పరమాణు గర్భాన్ని శోధించినట్లు, మరలివచ్చే ఈ ఎలక్ట్రాన్ల ద్వారా పరమాణువు లోపలి భాగాన్ని తెలుసుకోవచ్చునని ఆయన తలపోశాడు. చార్లెస్ కున్స్‌మన్ అనే సహచరునితో కలిసి 1921లో తొలి ఫలితాలను ప్రకటించాడు. తరువాత మరికొన్ని లోహాలను పరీక్షించాడు. ఫలితాలు అంతగా ఉత్సాహం కలిగించలేదు. 1923లో కున్స్‌మన్ ఉద్యోగం విడిచి వెళ్లాడు. కొంతకాలం పని నిలిచిపోయింది.

1924లో ఆ పనిని మరల చేపట్టినప్పుడు డేవిసన్‌కు తోడైనవాడు లెస్టర్ జెర్మర్. యుద్ధంలో విమానం నడిపిన సాహసి, చురుకైనవాడు. నిదానస్తుడైన గురువు, వేగవంతుడైన శిష్యుడు చక్కగా కలిశారు. 1925 ఫిబ్రవరి 5న ప్రయోగశాలలో ఒక ప్రమాదం జరిగింది. ద్రవరూపంలోని గాలిని నింపిన సీసా పేలి, పక్కనున్న గాజు నాళిక పగిలింది. నాళికలోని నికెల్ ముక్క అప్పుడు బాగా కాగి ఉంది. బయటి గాలి సోకగానే దానికి పొక్కులుగా మకిలి పట్టింది. కొత్త ముక్కను అమర్చకుండా వారు దానినే హైడ్రోజన్‌లోను, శూన్యంలోను దీర్ఘకాలం వేడిచేసి శుభ్రపరిచారు. ఏప్రిల్‌లో ప్రయోగం తిరిగి మొదలైంది. మొదట పాత ఫలితాలే వచ్చాయి. మే నెల నడుమకు వచ్చేసరికి అంతా మారిపోయింది. వెనుకకు మరలే ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకు సమంగా చెదరక, కొన్ని ప్రత్యేక దిశలలో గుంపులుగా వస్తున్నాయి.

పరికరం చెడిపోయిందని భావించి ఆ కొలతలను పక్కన పెట్టవచ్చు. వారు అలా చేయలేదు. నాళికను కోసి, నికెల్ ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. ప్రమాదానికి ముందు ఆ లోహం లెక్కకు మించిన చిన్న చిన్న స్ఫటికాల ముద్దగా ఉండేది. ఎక్కువసేపు వేడిచేయడం వలన అవన్నీ కలిసి సుమారు పది పెద్ద స్ఫటికాలుగా మారాయి. ఎలక్ట్రాన్లు వెళ్లే దిశను నిర్ణయిస్తున్నది విడి పరమాణువు కాదని, స్ఫటికంలోని పరమాణువుల అమరిక అని డేవిసన్ గ్రహించాడు. ఆపైన ఒకే స్ఫటికంగా ఉన్న నికెల్‌ను సంపాదించి, కొత్త పరికరాన్ని నిర్మించడానికి ఏడాదికి పైగా పట్టింది.

1926 వేసవిలో డేవిసన్ దంపతులు విశ్రాంతి కోసం ఇంగ్లండు వెళ్లారు. ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రిటిష్ శాస్త్రసంఘ సమావేశం జరిగింది. శ్రోతలలో కూర్చున్న డేవిసన్‌కు అక్కడ ఊహించని అనుభవం ఎదురైంది. మాక్స్ బోర్న్ అనే జర్మన్ పండితుడు ప్రసంగిస్తూ, పదార్థకణాలకు తరంగ స్వభావం ఉందన్న లూయీ ద బ్రోయ్ సిద్ధాంతానికి డేవిసన్, కున్స్‌మన్‌ల పాత ఫలితాలు ఆధారం కావచ్చునని పేర్కొన్నాడు. ఆ ఫలితాలు సాధించిన మనిషికే ఆ భావన అంతవరకు తట్టలేదు. తన వెంట తెచ్చుకున్న కొత్త కొలతలను డేవిసన్ అక్కడి పండితులకు చూపి చర్చించాడు. తిరుగు ప్రయాణంలో ఓడ మీద ష్రోడింగర్ రాసిన కొత్త తరంగ సిద్ధాంత వ్యాసాలను పట్టుదలతో చదివాడు.

న్యూయార్క్ చేరినాక ఆయనకు ఏమి వెదకాలో తెలిసింది. 1927 జనవరిలో ఆ ఫలం చేతికందింది. 54 వోల్టుల వద్ద ఎలక్ట్రాన్లను నికెల్ స్ఫటికం మీదికి పంపినప్పుడు, 50 డిగ్రీల కోణంలో వాటి సంఖ్య హఠాత్తుగా పెరిగింది. నికెల్ ఉపరితలం మీది పరమాణు వరుసల మధ్య దూరం 2.15 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. ఈ దూరాన్ని, కోణాన్ని బట్టి లెక్కిస్తే తరంగదైర్ఘ్యం 1.65 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది. ద బ్రోయ్ సూత్రం ప్రకారం రావలసినది 1.67. కణమని అందరూ నమ్మిన ఎలక్ట్రాన్ తరంగం వలె వివర్తనం చెందుతున్నదని రుజువయింది. వివర్తనం అంటే వరుసలు తీరిన అడ్డంకులను తాకిన తరంగాలు కొన్ని దిశలలో ఒకదానినొకటి బలపరచుకొని, మరికొన్ని దిశలలో ఒకదానినొకటి రద్దు చేసుకోవడం. ఈ ఫలితాలు ఆ ఏడాది ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి.

చాలామంది డేవిసన్ కథను ఇక్కడితో ముగిస్తారు. ఆయన శీలం పూర్తిగా తెలిసేది ఆ తరువాతి ఘట్టంలోనే. 54 వోల్టుల వద్ద లెక్క చక్కగా కుదిరింది గాని, తక్కిన పుంజాలలో పలు చోట్ల అది కుదరలేదు. ఎక్స్ కిరణాలు ప్రసరిస్తే స్ఫటికం నుంచి ఎన్ని పుంజాలు రావాలో, ప్రధానమైన ఎలక్ట్రాన్ పుంజాలు వాటికి ఒక్కొక్కటిగా సరిపోలాయి. వాటి స్థానాలు మాత్రం తప్పాయి. స్ఫటికం నిలువు దిశలో పదింట మూడు వంతులు కుంచించుకుపోయిందని అనుకుంటే తప్ప పొంతన కుదరలేదు. నికెల్ అలా కుంచించుకుపోదు. ఒక మహత్తర సత్యాన్ని ప్రకటించే వేళ, దానిని సందేహాస్పదం చేయగల ఈ తేడాను దాచుకొనే ప్రలోభం ఎవరికైనా కలగవచ్చు. డేవిసన్, జెర్మర్‌లు దానిని తమ వ్యాసంలోనే స్పష్టంగా నమోదు చేశారు. ఉపరితలం మీద పేరుకున్న వాయువు పొర వలన వచ్చిన అదనపు పుంజాలను కూడా విడువక రాశారు.

ఆ తేడాకు కారణాలు క్రమంగా తెలియవచ్చాయి. మొదటిది, లోహంలో ప్రవేశించిన ఎలక్ట్రాన్ లోపలి ఆకర్షణ వలన వేగం పుంజుకుంటుంది. నీటిలో ప్రవేశించిన కాంతి వలె దాని తరంగదైర్ఘ్యం మారుతుంది. రెండవది మరింత లోతైనది. ఎక్స్ కిరణం పరమాణువులను తేలికగా తాకి సాగిపోతుంది. అది సాధారణంగా ఒకసారి మాత్రమే చెదురుతుందని భావించి లెక్కవేయవచ్చు. ఎలక్ట్రాన్ అలా కాదు. విద్యుదావేశం గల కణం కావడం వలన అది పరమాణువులతో వేల రెట్లు బలంగా తలపడుతుంది. ఒక పరమాణువు చెదరగొట్టిన తరంగాన్ని రెండవది, దానిని మూడవది తిరిగి చెదరగొడతాయి. దీనినే బహుళ పరిక్షేపణం అంటారు. విశాలమైన మైదానంలో ఒకే గోడ ఎదుట నిలిచి పిలిస్తే ఒకే ప్రతిధ్వని వినవస్తుంది. దానిని బట్టి గోడ ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు. అనేక స్తంభాలు గల రాతి మండపంలో పిలిస్తే, ప్రతి స్తంభం నుంచి వచ్చిన ధ్వని మరొక స్తంభాన్ని తాకి, ప్రతిధ్వనులు పెనవేసుకొంటాయి. ఆ కలగాపులగపు ధ్వనిని విని స్తంభాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పడం ఎంత కష్టమో, చెదరిన ఎలక్ట్రాన్లను బట్టి పరమాణువుల స్థానాలను చెప్పడం అంత కష్టం.

ఈ చిక్కుముడిని విప్పే తొలి ప్రయత్నం డేవిసన్ ఫలితాల నుంచే పుట్టింది. మ్యూనిక్‌లో సోమర్‌ఫెల్డ్ వద్ద పరిశోధన చేస్తున్న హాన్స్ బేతే అనే యువకుడు వాటిని ఆధారం చేసుకొని 1928లో తన సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై రెండేళ్లు. స్ఫటికంలోని తరంగాలన్నింటినీ విడివిడిగా కాక, పరస్పరం ప్రభావితం చేసుకొనే ఒకే సముదాయంగా అతడు పరిగణించాడు. అదే ఏడాది జపాన్‌లో సీషి కికుచి పలుచని అభ్రకపు రేకు గుండా ఎలక్ట్రాన్లను పంపగా చుక్కలతో పాటు జంట గీతలు కనిపించాయి. ఒకసారి చెదరిన ఎలక్ట్రాన్లు స్ఫటికంలో మరల వివర్తనం చెందడమే వాటికి కారణం. నేటికీ వాటిని కికుచి రేఖలనే పిలుస్తారు.

స్కాట్లండులోని అబర్డీన్‌లో జార్జి పేజెట్ థామ్సన్ ఎంతో ఎక్కువ శక్తి గల ఎలక్ట్రాన్లను పలుచని పొరల గుండా పంపి, 1927లోనే స్వతంత్రంగా వాటి తరంగ స్వభావాన్ని నిరూపించాడు. 1897లో ఎలక్ట్రాన్‌ను కణంగా గుర్తించిన జె. జె. థామ్సన్ ఇతని తండ్రి. తండ్రి కణమన్నదానిని కొడుకు తరంగమని చూపడం విజ్ఞాన చరిత్రలో ఒక మధుర ఘట్టం. 1937లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతిని డేవిసన్, థామ్సన్‌లకు కలిపి ప్రదానం చేశారు.

కీర్తి డేవిసన్ జీవన విధానాన్ని మార్చలేదు. 1946లో పదవీ విరమణ చేసేవరకు ఆయన ఆ ప్రయోగశాలలోనే కొనసాగాడు. తరువాత వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేసి, 1958 ఫిబ్రవరి 1న షార్లట్స్‌విల్ పట్టణంలో కన్నుమూశాడు. చంద్రుని ఆవలివైపునున్న ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన నాటిన విత్తు మహావృక్షమైనది ఆయన మరణానంతరమే. 1960 ప్రాంతంలో జెర్మర్ మరల ఈ రంగంలో ప్రవేశించి, మెరుగైన శూన్యంలో వివర్తన చిత్రాన్ని తెర మీద ప్రత్యక్షంగా చూసే పద్ధతికి సహచరులతో కలిసి ప్రాచుర్యం కల్పించాడు. స్వల్పశక్తి గల ఎలక్ట్రాన్లు లోహంలో కొద్ది పరమాణు పొరలను దాటి లోతుకు పోలేవు. అందువలన పదార్థపు ఉపరితలాన్ని తెలుసుకోవడానికి వాటికి మించిన సాధనం అరుదు. 1970 దశకం నాటికి కంప్యూటర్లు అందుబాటులోకి వచ్చి, బహుళ పరిక్షేపణాన్ని లెక్కించడం సాధ్యమైంది. ముందుగా పరమాణువుల అమరికను ఒక విధంగా ఊహించాలి. ఆ అమరికలో ఎలక్ట్రాన్లు ఎన్ని విధాల చెదరగలవో అన్నీ లెక్కించాలి. ఆ లెక్కను ప్రయోగంలో కొలిచిన తీవ్రతలతో పోల్చి, పొంతన కుదిరేవరకు పరమాణువులను ఊహలో అటూ ఇటూ జరపాలి. ఈ విధంగా ఆంగ్‌స్ట్రామ్‌లో నూరింట కొద్ది వంతుల మేరకు స్థానాలను నిర్ణయించగలుగుతున్నారు.

అధికశక్తి గల ఎలక్ట్రాన్లతో ఎక్స్ కిరణాలకు అందనంత చిన్న స్ఫటికాల నిర్మాణాన్ని కూడా నేడు తెలుసుకొంటున్నారు. చెక్ దేశ రాజధాని ప్రాగ్‌కు చెందిన పరిశోధకులు తమ సహచరులతో కలిసి, బహుళ పరిక్షేపణాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకొని 2017లో అతి సూక్ష్మ స్ఫటికాలలో హైడ్రోజన్ పరమాణువుల స్థానాలను గుర్తించారు. 2019లో ప్రాగ్ పరిశోధకులే ఒక ఔషధ స్ఫటికంలోని అణువు ఎడమచేతి వాటమా, కుడిచేతి వాటమా అన్నది తేల్చారు. అద్దంలోని ప్రతిబింబం వలె ఒకదానికొకటి తారుమారుగా ఉండే అణువులలో ఒకటి రోగాన్ని మాన్పితే, రెండవది నిరుపయోగమో హానికరమో కావచ్చు. తరంగం ఒక్కసారే చెదిరితే ఆ రెండింటి చిత్రాలు సాధారణంగా ఒకే తీరున కనిపిస్తాయి. పలుమార్లు చెదరడం వలననే వాటి మధ్య భేదం బయటపడింది. లెక్కను చెడగొట్టే దోషమని ఒకనాడు భావించినదే ఈనాడు భేదాన్ని తెలిపే సాక్షి అయింది.

డేవిసన్ పగిలిన నాళికను చూసి విసుగు చెందలేదు, కుదరని లెక్కను చూసి సిగ్గుపడలేదు. నూటికి ఒకటిగా మరలిన ఎలక్ట్రాన్‌ను ఉపేక్షించలేదు. తనకు అర్థమైన దానితో పాటు అర్థం కానిదానిని కూడా అంతే శ్రద్ధతో రాసి తరువాతి తరానికి అప్పగించాడు. నోట్‌బుక్‌లో తమ కొలత పుస్తకంలోని విలువకు సరిపోలేదని అంకెలను దిద్దబోయే ప్రతి విద్యార్థీ ఒక్క క్షణం ఆగి ఆయనను తలచుకోవాలి. సరిపోలని ఆ అంకె పొరపాటు కావచ్చు, కొత్త సత్యానికి ద్వారమూ కావచ్చు. అది ఏదో తెలియాలంటే ముందుగా దానిని ఉన్నదున్నట్లు రాసి ఉంచాలి.

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ప్రయోగశాలలో జరిగిన ప్రమాదం డేవిసన్ పరిశోధనను ఎలా మలుపు తిప్పిందో వివరించండి.
2. బహుళ పరిక్షేపణం అంటే ఏమిటి? అది మొదట చిక్కుగానూ, తరువాత సాధనంగానూ ఎలా పరిణమించిందో పాఠం ఆధారంగా విశ్లేషించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. విద్యార్థి దశలో డేవిసన్ ఎదుర్కొన్న ఇబ్బందులేవి?
2. ఆక్స్‌ఫర్డ్ సమావేశంలో డేవిసన్‌కు కలిగిన అనుభవం ఏమిటి?
3. రాతి మండపంలోని ప్రతిధ్వనుల పోలికను రచయిత ఎందుకు ఉపయోగించారు?
4. కుదరని లెక్కను డేవిసన్ ప్రకటించడంలో వ్యక్తమైన గుణం ఏది? మీ మాటల్లో రాయండి.